కుండీలోని దానిమ్మ

పెరడు గల యిండ్లలో దానిమ్మకు ప్రత్యేకమైన పెంపక మేదియు నుండెడిది కాదు. బావిగట్టునకో, అంట్లు తోము చప్టాకో దాపున నుండి, వాడిన నీరు త్రాగి యది పెరిగెడిది. వినాయకచవితినాడు 21 పత్రములలో నొకటియైన దాడిమీపత్రమునకై ఇరుగుపొరుగువారు వచ్చి రెమ్మలు కోసికొని పోయెడివారు. పిల్లలు పండునకై కాచుకొని యుండెడివారు. నేడు పట్టణములలో మూడవ అంతస్తుననో, ఐదవ అంతస్తుననో కాపురముండు ఇల్లాలికి నేల లేదు, బావి లేదు. ఒక బాల్కనీయు, ఒక కిటికీయు మాత్రము కలవు. అచ్చట నొక కుండీ నుంచి దానిమ్మను పెంచుచున్న సోదరీమణులు పెక్కండ్రు కలరు.

ఇట్లు పెంచువారినుండి తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మొక్క ఏపుగా నున్నది. ఎఱ్ఱని పూవులు విరివిగా పూయుచున్నవి. కాని యొక్కటియు నిలువక రాలిపోవుచున్నది. ఇది గొడ్డుచెట్టు కాబోలును, పీకి వేయుదుమా?" అని. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే యీ నెల మా యుద్దేశము. ముందుగా నొక మాట: తొందరపడి పీకవలదు. పూవు రాలుటకు కారణము లున్నవి. వానిలో కొన్ని చెట్టునకు సహజములు. తక్కినవి మన చేతిలోనివి. ఏవి యెట్టివో తెలిసికొన్నయెడల సగము చింత తీఱును.

రాలు పూవు, నిలుచు పూవు

దానిమ్మయందు ముఖ్యముగా రెండు తెగల పూవులు పూయును. ఒక తెగ పూవు అడుగుభాగము ఉబ్బి, చిన్న చెంబువలె నుండును. దానియందు అండాశయము సంపూర్ణముగా నెదిగి యుండును. కేసరముల నడుమ కీలాగ్రము పొడవుగా పైకి కనబడుచుండును. పిందె కాగలది యిదియే. రెండవ తెగ పూవు అడుగున సన్నగిల్లి, గంటవలె నుండును. దాని యండాశయ మెదుగదు. కీలము పొట్టిగా నుండి కేసరములలో దాగి యుండును. ఇది పుప్పొడి నిచ్చుటకే పుట్టిన మగపూవు. దాని పని తీఱగనే రాలిపోవును. ఈ రెంటికి నడుమ నుండు పూవులును కొన్ని కలవు. అవి యొకప్పుడు నిలుచును, ఒకప్పుడు రాలును.

తోటలలోని పెద్దచెట్లకు సైతము మగపూవులు చాల పూయును. రైతు వానినిగూర్చి చింతింపడు, వేలకొలది పూవులలో నెన్ని రాలెనో లెక్కింపడు గనుక. మన కుండీలో పది పూవులే పూయును. ప్రతిదియు మన కన్నులయెదుట రాలును. కావున మనసు కలుక్కుమనును.

ఇకమీద రాలిన పూవులను వెంటనే ఊడ్చివేయక, నాలుగైదింటిని అఱచేతిలో నుంచుకొని చూడుడు. అన్నియు గంటవంటివే యైనచో మొక్కయందు దోషమేమియు లేదు. చెంబువంటి పూవులు వచ్చువఱకు ఓపిక పట్టవలెను. లేతమొక్క మొదటి పూతలో నిట్లే చేయును. చెంబువంటి పూవులు గూడ రాలుచున్నచో, వెలుతురు, నీరు, పుప్పొడి, ఆహారము అను నాలుగింటిలో నేదియో కొఱతపడినదని గ్రహింపవలెను. వరుసగా వానిని విచారింతము.

వెలుతురు

దానిమ్మ ఎండను కోరు చెట్టు. ఇరాన్ దేశమునుండి ఉత్తర హిందూస్థానమునందలి హిమాలయపాదముల వఱకు గల ప్రదేశము దీని పుట్టినిల్లని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ పొడినేలల యెండ దాని నరనరమున నున్నది. దినమునకు ఆఱు గంటలకు తక్కువ గాకుండ సూటిగా నెండ తగిలిననే పూత, కాపు సరిగా నుండును. గదిలో నొక మూల, దీపపు వెలుతురున నుంచిన దానిమ్మ కొంతకాలము బ్రతుకునుగాని కాయదు. కొమ్మలు సన్నముగా సాగి, ఆకులు పలుచనై యుండును.

పాశ్చాత్యుల తోటపుస్తకములలో దానిమ్మను ఇంటిలోపల నుంచుమని వ్రాసి యుండును. అచ్చట శీతకాలమున మంచు కురియును. ఆ మంచునకు వెఱచి వారు కుండీని లోపలికి తెచ్చి, వేసవి రాగానే మరల బయట నుంచెదరు. మనకు మంచుభయము లేదు; మనము లోపల నుంచుట చోటు లేకయే. కావున వారి విధిని మన మనుసరింపవలసిన పని లేదు. బాల్కనీ యుండగా గదిలో నుంచరాదు. మేడపై చోటు దొరకినచో బాల్కనీకంటె నదియే మేలు.

కిటికీయే గతియైనవారు తూర్పు కిటికీనిగాని, దక్షిణపు కిటికీనిగాని యెన్నుకొనవలెను. ఇందొక విశేషము గమనింపదగినది. హైదరాబాదు, విజయవాడ ప్రాంతములలో సుమారు మే మొదటివారమునుండి ఆగస్టు మొదటివారము వఱకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ నెలలలో దక్షిణపు కిటికీకి సూటి యెండ రాదు. శీతకాలమున నదే కిటికీలో నెండ గది నడిమికి వచ్చును. కావున ఋతువునుబట్టి కుండీని మార్చుచుండవలెను. వారమున కొకసారి కుండీని కాలుపాలు త్రిప్పినయెడల మొక్క ఒకవైపునకే వంగక అన్నివైపుల సమముగా పెరుగును.

ఏసీ గాలి తగులుచోట నుంచరాదు. బాల్కనీలో నమర్చిన దాని బయటి యంత్రమునుండి వేడిగాలి వచ్చును. దాని యెదుట నుంచిన మొక్క ఆకు మాడి, మొగ్గ రాల్చును.

మొక్క, కుండీ, మన్ను

గింజ నాటిన మొక్క తల్లిచెట్టు గుణములనే పొందునన్న నమ్మకము లేదు. కాపునకు కాలమును ఎక్కువ పట్టును. కావున అంటుమొక్కనుగాని, కొమ్మను నాటి వేరు పట్టించిన మొక్కనుగాని కొనవలెను. ఇరుగుపొరుగున మంచి చెట్టున్నచో, పెన్సిలు లావున ముదిరిన కొమ్మను జానెడు పొడవున కోసి, సగమువఱకు ఇసుక కలిపిన మంటిలో గ్రుచ్చి నీడలో తడి యాఱకుండ నుంచినయెడల రెండు నెలలలో వేరు పట్టును.

కొనునపుడు రకము నడుగుట మఱువరాదు. పొట్టి దానిమ్మ యను నొక రకము కలదు. అది రెండు మూడు అడుగుల యెత్తున నాగి, విరివిగా పూచి, నిమ్మకాయంత కాయలు కాచును. చూపులకు ముచ్చటగా నుండును, తినుటకు పనికిరాదు. "కుండీలో చక్కగా కాయు దానిమ్మ" యని తఱచుగా దీనినే యిత్తురు. తినదగిన పండు కావలసినవారు గణేష్, భగవా వంటి రకముల నడుగవలెను. గణేష్ రకము 1936లో పూనా నగరమున గణేశ్‌ఖిండు తోటలో డాక్టరు చీమాగారు ఎన్నిక చేసినది. మెత్తని గింజలు గలది. భగవా కుంకుమవన్నె తొక్కతో ఎఱ్ఱని గింజలతో నుండును. అనంతపురము రైతులు విశేషముగా సాగుచేయున దిదియే.

కుండీ 15 అంగుళములకు తక్కువ గాని వెడల్పును, అంతే లోతును గలిగి, అడుగున రంధ్రములతో నుండవలెను. రంధ్రములపై పెంకులు బోర్లించి, రెండు పాళ్ల ఎఱ్ఱమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపవలెను. పిడికెడు వేపపిండి చేర్చుట మంచిది. ఇట్టి కుండీ తడిమంటితో 40 కిలోల పైచిలుకు తూగును. బరువున కోడినవారు మంటిలో కొంతభాగము కొబ్బరిపొట్టును కలుపవచ్చును. ఏమైనను దాని నొంటరిగా నెత్తబూనరాదు; చక్రములపీటపై నుంచినచో జరుపుట సులభము. పిట్టగోడమీద కుండీ నెన్నడు నుంచరాదు.

నీరు

కుండీచెట్లు నీరులేక చచ్చుటకంటె నీ రెక్కువై చచ్చుటయే యధికము. ఇంటిలో నొక్కొక్కరు వచ్చి చెంబెడు చెంబెడు పోయుదురు, వేరు కుళ్లును, ఆకు పసుపుబాఱును, దప్పిగొన్నదని తలచి మరల పోయుదురు. కావున నీరు పోయుపని ఇంటిలో నొక్కరికే అప్పగింపవలెను.

వ్రేలిని రెండంగుళముల లోతున మంటిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలిన పోయవలదు. పొడిగా నున్నచో, అడుగు రంధ్రమునుండి నీరు కాఱువఱకు నిండుగా పోయుడు. క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పాఱబోయవలెను. మేనెలలో దినమున కొకసారి పోయవలసి వచ్చును; వర్షకాలమున వారము దినములు పోయకున్నను చెల్లును. బోరునీరు వాడువారి కుండీలలో మంటిపై తెల్లని పొర యేర్పడును. అది లవణము. రెండు నెలల కొకసారి మంచినీటిని ధారాళముగా పోసి ఆ లవణమును క్రిందికి కడిగివేయవలెను.

తోటలలో రైతులు నెల రెండునెలలు నీరు కట్టిపెట్టి, ఆకు రాల్చి, పిమ్మట నీరును ఎరువును ఇచ్చి పూత రప్పింతురు. నేలలోని వేరు లోతునకు పోయి తడిని వెదకికొనును. కుండీలోని వేరునకు పోవుటకు చోటు లేదు. కావున మనము పూర్తిగా నెండబెట్టరాదు. కాపు ముగిసిన తరువాత రెండు మూడు వారములు నీరు తగ్గించిన చాలును. అపుడు కొంత ఆకు రాలినను భయపడవలదు. కొమ్మపై గోటితో గీచి చూచినచో లోపల పచ్చగా నున్నంతవఱకు చెట్టు సజీవముగా నున్నట్లే.

పిందె కట్టిన పిదప మాత్రము నీటి విషయమున క్రమము తప్పరాదు. నాలుగుదినము లెండబెట్టి ఐదవనాడు ముంచినయెడల, లోపలి గింజలు ఒక్కసారిగా నుబ్బి, బిరుసెక్కిన తొక్క సాగలేక కాయ పగులును. పండుగలకు, పెండ్లిండ్లకు ఊరు వెళ్లి వచ్చిన పిమ్మట కాయలు పగులుటకు కారణమిదియే. మంటిపై ఎండుటాకులనుగాని కొబ్బరిపీచునుగాని పఱచి, పొరుగింటివారి కొక మాట చెప్పి వెళ్లవలెను.

పుప్పొడి

మేడమీది యంతస్తులకు తేనెటీగలు అరుదుగా వచ్చును. దోమలవల బిగించిన బాల్కనీలోనికి అసలే రావు. చెంబువంటి పూవు పూచియు, పుప్పొడి సోకక రాలుటకు ఇది ముఖ్యకారణము. దీనికి ప్రతిక్రియ సులభము. పూవు విచ్చిన దినమున ఉదయము పూట, పిల్లలు రంగులు వేయు మెత్తని కుంచెను తీసికొని, గంటవంటి పూవులోని పసుపుపచ్చని పొడి నద్ది, చెంబువంటి పూవు నడుమ నున్న కీలాగ్రమునకు తాకింపవలెను. రెండు మూడు దినములు వరుసగా చేసిన మఱియు మంచిది. రాలిపోవునని మనము చిన్నచూపు చూచిన మగపూవే యిచ్చట అక్కఱకు వచ్చును.

ఆహారము, కత్తిరింపు

నెల కొకసారి రెండు పిడికిళ్ల వానపాముల ఎరువు చాలును. వంటింటి తొక్కలను, వాడిన టీపొడిని పచ్చిగా కుండీలో వేయుట వాడుకగా నున్నది. అవి అచ్చటనే క్రుళ్లి పురుగును పెంచును. చివికిన పిమ్మటనే వేయవలెను. ఆకును పెంచు ఎరువు లధికమైనచో చెట్టు నిగనిగలాడును గాని పూత తగ్గును. రెండేండ్ల కొకసారి మొక్కను కుండీనుండి తీసి, చుట్టుకొన్న వెలుపలి వేళ్లను కొంచెము కత్తిరించి, క్రొత్త మంటిలో నాటవలెను.

మొదలునుండి పిలకలు మాటిమాటికి లేచును. వానిని వెంటవెంటనే తీసివేయవలెను. మూడు నాలుగు బలమైన కొమ్మల నుంచి, లోపలి చిక్కును తొలగింపవలెను. ముదిరిన కొమ్మలపై పుట్టు పొట్టిరెమ్మల చివరలనే పూత వచ్చును. అందముకొఱకు చివరలన్నిటిని సమముగా కత్తిరించినవారు ఆ యేటి పూతను తమ చేతులతోనే కోసినవారగుదురు. కాపు ముగిసిన తరువాతనే కత్తెర పట్టవలెను.

పురుగులు

లేతచివుళ్లకు పేనుబంకయు, కొమ్మల సందులలో పిండినల్లియు పట్టును. మొదట నీటిధారతో కడిగి, పిదప లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొన్ని చుక్కల సబ్బునీటిని కలిపి సాయంకాలము చల్లవలెను. విచ్చిన పూవులపై చల్లరాదు. కాయతొలుచు పురుగు ఒక సీతాకోకచిలుక సంతానము. అది పూవుమీదను పిందెమీదను గ్రుడ్డు పెట్టును. పురుగు లోనికి తొలిచి గింజలను తినును. కాయ నిమ్మపండంత కాగానే పాత పలుచని గుడ్డతో సంచి కుట్టి తొడిగినయెడల ఈ బాధ యుండదు. ఆకులమీదను కాయలమీదను నూనె తగిలినట్లు నల్లని మచ్చలు కనబడినచో ఆ భాగములను కోసి దూరముగా పాఱవేసి, కత్తెరను మరగిన నీటితో కడుగవలెను. ఆకులు తడియకుండ మొదటనే నీరు పోయవలెను.

ఒక మాట

పూచి కాయని చెట్టును గొడ్డుదనుట మనకు పరిపాటి. పైని చెప్పినవానిని చదివినవారికి ఆ మాట యెంత తొందరపాటుదో తెలిసియుండును. వెలుతురు చాలినదా, నీరు సమముగా నున్నదా, పుప్పొడి సోకినదా యని యొక్కటియు విచారింపకయే మొక్కమీద నేరము మోపుచున్నాము.

ఈ మాటను మనము చెట్లకే గాక స్త్రీలకును వాడుచున్నాము. పెండ్లియై నాలుగేండ్లు గడచిన కోడలిని పేరంటమున పిలుచుటకు తడబడువారు, సీమంతమునాడు ఆమె చేత పూలు ముడిపింపనివారు ఇంకను కలరు. సంతానము కలుగకుండుటకు కారణము స్త్రీయందేగాక పురుషునియందును ఉండవచ్చుననియు, కావున పరీక్ష ఇరువురికిని చేయవలెననియు వైద్యులు చెప్పుచునే యున్నారు. అయినను నింద యొకరికే దక్కుచున్నది. పరీక్షకు కుమారుని పంపక కోడలిని మాత్రము ఆసుపత్రుల చుట్టు త్రిప్పుచున్న యిండ్లు నేటికిని కలవు. ఇంటిలో పెద్దలైన స్త్రీలే ఈ మాటను ముందుగా మానినయెడల, పిల్లలు దానిని నేర్వరు. పేరంటమునకు పిలుచునపుడు వరుసలో నందఱితోపాటు ఆమెను పిలుచుటకు ఖర్చేమియు లేదు.

కాయ నిలిచిన పిమ్మట

పిందె కట్టినది మొదలు పండగుటకు ఐదాఱు నెలలు పట్టును. మొదటి యేట వచ్చిన పిందెలను తీసివేయుట మంచిది. చిన్నమొక్క వాని బరువును మోయలేదు, కాండము ముదురదు. రెండవ కాపున నాలుగైదు కాయలకు మించి ఉంచరాదు. ఒకే గుత్తిలో రెండు మూడున్నచో ఒక్కటి యుంచి తక్కినవి త్రుంపవలెను.

దానిమ్మ కోసిన పిదప పండదు. మామిడివలె బియ్యపుడబ్బాలో దాచిన లాభము లేదు. పండిన కాయ గుండ్రదనము తగ్గి, ప్రక్కలు కొంచెము పలకలు తేఱును. తొక్క నునుపు తగ్గును. వ్రేళ్లతో తట్టిన కణకణమని మ్రోగును. అపుడు చేతితో లాగక, తొడిమను కత్తెరతో కోయవలెను. లాగినచో మఱుసటి పూత రావలసిన రెమ్మ చీలిపోవును.

ఈ వారము చేయవలసిన పని యొక్కటి చెప్పి ముగింతుము. మీ దానిమ్మ పూతమీద నున్నచో, రేపటి యుదయము పూవులను తెగలవారీగా లెక్కించి, చెంబువంటివెన్ని, గంటవంటివెన్ని యని కేలెండరుమీద వ్రాసికొనుడు. పదునైదు దినముల కొకసారి ఆ లెక్క చూచుకొనుచుండినయెడల, వెలుతురు మార్చినందువలనను ఎరువు మార్చినందువలనను కలిగిన ఫలము మీకే తెలియవచ్చును. మొక్కను పీకుటయో, ఉంచుటయో, ఒక సంవత్సరపు లెక్క చేతికి వచ్చిన తరువాతనే ఆలోచింపవలెను.